చెవి కొలత

చెవుల మాస్టారు పనిలో కూర్చోగానే చేసే మొదటి పని, కంప్యూటర్ తెర మీద చేతిరుమాలు కప్పడం. పాట వినబడుతున్నంతసేపూ తెర మీద దాని బొమ్మ పాకుతూ ఉంటుంది. కింద బరువు స్వరాలు, పైన సన్న స్వరాలు, రంగురంగుల గీతలు. పాటను కళ్ళతో చూసి తీర్పు చెప్పేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ రేడియో స్టేషన్ పాటల లైబ్రరీలో తాను తింటున్నది చెవుల సంపాదన అని ఆయన నమ్మకం. ఆ మాట దొరికిన వాళ్ళందరికీ చెబుతారు. పారిపోకుండా కూర్చున్నవాళ్ళకు రెండుసార్లు చెబుతారు.

ఎనిమిది నెలలుగా ఆయన చేస్తున్న పని ఒకటే. స్టేషన్ వాళ్ళ దగ్గర నలభై ఏళ్ళ పాటలు పాత రకం ఫైళ్ళలో ఉన్నాయి. అవి బోలెడు చోటు తింటాయి. ఇప్పుడు కొత్త రకం ఫైలు వచ్చింది. ఇది పాటను ఉన్నదున్నట్టు దాచదు. పాట ఎలా ఉండాలో గుర్తులు రాసి పెట్టుకుని, ఎవరైనా వినబోయినప్పుడు ఆ గుర్తులు చూసి అప్పటికప్పుడు పాటను మళ్ళీ తయారుచేస్తుంది. పాత ఫైలులో ఇరవయ్యో వంతు చోటు చాలు. ముందు ముందు ఎక్కడ చూసినా ఇదే ఉంటుందని, మిగతా స్టేషన్లన్నీ మనవైపే చూస్తున్నాయని మీటింగుల్లో అన్నారు. మాస్టారు చేయాల్సిందల్లా ముందు పాతది వినడం, తర్వాత కొత్తది వినడం. తేడా లేకపోతే ఆకుపచ్చ బటన్, ఉంటే ఎర్ర బటన్. ఆకుపచ్చ పడిన పాట ఇక వినేవాళ్ళకు కొత్త ఫైలులోంచే వస్తుంది. అలాంటి పాటల పాత ఫైళ్ళను రెండు నెలలకోసారి చెరిపేస్తారు. మూడు విడతలు అయిపోయాయి. నాలుగోది, ఆఖరిది, ఈ శుక్రవారం.

మొదట్లో ఆయన ఎర్ర బటన్ బాగానే నొక్కారు. ఒక గాయని పల్లవి ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంటుంది. కొత్త ఫైలు ఆ ఊపిరిని మింగేసింది. ఎర్ర. ఒక వయొలిన్ మీద కమాను తిరిగేటప్పుడు చిన్న గరగర ఉంటుంది. దాన్ని నున్నగా చేసేసింది. ఎర్ర. రానురాను కొత్త ఫైలు దారికొచ్చింది. ఊపిరి నిలిచింది, గరగర నిలిచింది. ఇప్పుడు రోజుకు నలభై పాటలు, నలభై ఆకుపచ్చలు. పెంకి పిల్లకు సంగీతం నేర్పి ఒడ్డున పడేసినంత తృప్తిగా ఉంది ఆయనకు.

మంగళవారం ఉదయం సెక్షన్ మేడమ్ ఒకావిడను ఆయన గదికి పంపింది. ఎంత చెప్పినా కదలడం లేదు, మీరే ఏదో ఒకటి చెప్పి పంపండి మాస్టారూ అని ఫోన్‌లో గొణిగింది. వచ్చినావిడకు అరవై దాటి ఉంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. కర్టెన్లు కుట్టే దుకాణం నుంచి అలాగే వచ్చేసినట్టుంది. ఒకప్పుడు ఈ స్టేషన్ వాద్యబృందంలోనే పదకొండేళ్ళు పనిచేశానని చెప్పింది. ఏం వాయించేవారని అడిగితే చేతిసంచిలోంచి బెత్తెడు తోలు పట్టీ తీసి చూపించింది. దాని నిండా బఠానీ గింజలంత గంటలు.

మాస్టారికి ఆమె పేరు తెలియదు. పాటల పట్టికల్లో గాయనీగాయకుల పేర్లుంటాయి, వయొలిన్, వేణువు ఉంటాయి, చివర 'మరియు బృందం' అని ఉంటుంది. ఆమె ఆ బృందంలో ఉంది. కానీ ఆమె వాయించిన పాటలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఆ గంటలు ఎవరివో తెలియక, మనసులో గంటలమ్మ అని పేరు కూడా పెట్టుకున్నారు. గంటలమ్మ మీరేనా అన్నారు ఆశ్చర్యంగా, కుర్చీ జరుపుతూ.

ఆమె వచ్చిన కారణం చిన్నది. కనీసం మాస్టారికి మొదట అలాగే అనిపించింది. ఆమె మనవరాలికి బళ్ళో ఇంట్లో పెద్దవాళ్ళ పని గురించి రాసుకు రమ్మన్నారు. అమ్మమ్మ రేడియోలో గంటలు వాయించిందని రాసింది పిల్ల. వినిపించు అంటే ఈవిడ ఫోన్‌లో స్టేషన్ వాళ్ళ పాట పెట్టింది. పాట వచ్చింది, గంటలు రాలేదు. ఇంకోటి పెట్టింది. అదీ అంతే. పక్కనే ఉన్న అల్లుడు అత్తగారు కోతలు బాగానే కోస్తారు అని నవ్వాడు. పిల్ల నవ్వలేదు. నోట్సులో రాసుకున్నది రబ్బరుతో చెరిపేసింది.

"కోతలు కోసినదాన్ని అయిపోయాను మాస్టారూ, ఈ వయసులో," అంది ఆమె. "పాటలో నేను లేను."

ఫోన్ స్పీకర్లలో అలాంటివి వినబడవని మాస్టారు నచ్చజెప్పారు. అయినా ఆమె మనసు కుదుటపడాలని ఒక పాట ఎంచి, రెండో హెడ్‌ఫోన్ తగిలించి ఆమెకిచ్చారు. పాత ఫైలు పెట్టారు. ప్రతి వరుస చివరా గంటలు గలగలమన్నాయి. ఆమె ముఖం విప్పారింది. కొత్త ఫైలు పెట్టారు. ప్రతి వరుస చివరా గంటలు గలగలమన్నాయి. ఆమె ముఖం ముడుచుకుపోయింది.

"చూశారా, లేవు," అంది.

"ఉన్నాయి కదమ్మా," అన్నారు ఆయన.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె అబద్ధం ఆడుతున్నట్టు లేదు. తాను ఆడటం లేదని ఆయనకు తెలుసు. మళ్ళీ పెట్టారు. మూడుసార్లు, నాలుగుసార్లు పెట్టారు. ఆయనకు ప్రతిసారీ వినబడ్డాయి, ఆమెకు ఒక్కసారీ వినబడలేదు. పెద్దావిడ, వినికిడి తగ్గి ఉంటుంది, పాపం ఆ సంగతి ఆవిడకే తెలిసినట్టు లేదు అనుకున్నారు మాస్టారు. పైకి అనలేక మంచినీళ్ళు తెప్పించారు. ఆమె నీళ్ళు తాగి, ఆయనను కాసేపు పరీక్షగా చూసి, రేపు వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజు మిగిలిన ముప్పై తొమ్మిది పాటలకూ ఆయన ఆకుపచ్చే నొక్కారు. ఆమె పాటకు మాత్రం ఏదీ నొక్కకుండా పక్కన పెట్టారు. ఎందుకు పెట్టారంటే ఆయన చెప్పలేరు.

బుధవారం ఆమె వచ్చిన వెంటనే ఒక కోరిక కోరింది. మీరు కళ్ళు మూసుకుని నిన్నటి పాట పాత ఫైలు వినండి, గంట మోగినప్పుడల్లా వేలెత్తండి. చిన్నపిల్లల ఆటలా ఉందే అని ఆయనకు నవ్వొచ్చింది. కానీ చెవులకు పరీక్ష అంటే ఆయన వెనక్కి తగ్గే మనిషి కాదు. హెడ్‌ఫోన్లు సర్దుకుని, చేతులు బల్ల మీద పరుచుకుని కళ్ళు మూసుకున్నారు. పల్లవిలో నాలుగు. మొదటి చరణంలో ఆరు. రెండో చరణంలో ఆరు. చివరి పల్లవిలో నాలుగు. ఎక్కడా తడబడకుండా ఇరవైసార్లు వేలెత్తి, కళ్ళు తెరిచి, ఎలా ఉంది అన్నట్టు చూశారు.

ఆమె మెచ్చుకోలేదు. కొలతల టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఇది రికార్డు చేసిన రోజు రెండో చరణం మొదట్లోనే నా పట్టీ దారం తెగింది. గంటలన్నీ ఒళ్ళో పడిపోయాయి. కదిలితే చప్పుడవుతుందని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. చరణం మొత్తం వాయించలేదు. సంగీతం చేసినాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కానీ గాయని అంత బాగా పాడేసింది, ఇక అదే ఉంచేశారు." ఆమె గొంతు తగ్గించింది. "అక్కడ గంటల్లేవు మాస్టారూ. మీరు ఆరుసార్లు వేలెత్తారు."

ఆయన పాటను రెండో చరణం దగ్గరికి జరిపి మళ్ళీ విన్నారు. వరుస చివర గంటలు చక్కగా, స్పష్టంగా మోగాయి. చేయి చాపి తెర మీది రుమాలు లాగేశారు. పాత ఫైలు బొమ్మలో పైన, సన్న స్వరాలుండే చోట, పల్లవిలో ఒక్కొక్క వరుసకీ తెల్లటి చుక్కల గుత్తి ఉంది. రెండో చరణంలో లేదు. ఒక్కటీ లేదు. కొత్త ఫైలు బొమ్మ పెట్టారు. పైభాగమంతా మొదటి నుంచి చివరిదాకా నల్లగా ఉంది.

ఆమె పట్టీ తీసి ఆయన చెవి దగ్గర ఊపింది. తోలు చేతికి తగిలిన చప్పుడు వినబడింది. గంటలూ వినబడ్డాయనే అనిపించింది. కళ్ళు మూసుకున్నారు. అప్పుడు ఆమె తోలు చేతికి తగలకుండా ఊపుతూనే ఉందో, ఆపేసిందో ఆయనకు తెలియలేదు. భయం వేసింది. ఇన్నాళ్ళూ తాను విన్నదేమిటి, విన్నానని అనుకున్నదేమిటి?

సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పుతూనే భార్యతో చెప్పారు. నా చెవులు పోయినట్టున్నాయి. బట్టలు మడతపెడుతున్న ఆవిడ చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఎప్పటినుంచి?"

తెలియదన్నారు.

"నేను చెప్తాను. రెండేళ్ళు. వెనకనుంచి పిలిస్తే పలకరు. వంటింట్లోంచి ఏదైనా చెప్తే ఊఁ అంటారు, తర్వాత నాకు చెప్పలేదంటారు. నా మాటంటే మీకు లెక్కలేదనుకున్నాను. మా అక్కకి కూడా ఫోన్ చేసి చెప్పుకున్నాను, మనిషి మారిపోయాడే అని." ఆవిడ చొక్కా మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టింది. "వినబడకపోవడమేనా అయితే?"

ఆవిడకు ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపం వచ్చింది. రెండేళ్ళ అలక దండగైపోయిందన్న కోపం. మాస్టారికి దేనికి క్షమాపణ చెప్పాలో అర్థం కాలేదు. కూర్చుని తాను కూడా ఒక చొక్కా మడతపెట్టారు. అది సరిగా రాలేదు.

అయినా ఒక ముడి విడలేదు. తన చెవి పాడైతే తనకు వినబడకూడదు, సరే. కొత్త ఫైలులో గంటలు ఎందుకు పోవాలి? యంత్రానికేం వచ్చింది? ఆ ప్రశ్న పట్టుకుని గురువారం పై అంతస్తుకు వెళ్ళారు. కొత్త ఫైళ్ళ పని చూసే ఇంజనీరమ్మ ముప్పై ఐదేళ్ళ చలాకీ మనిషి. మాస్టారంటే ఆమెకు గౌరవం. ఆయన ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగారు. ఆమె హాయిగా వివరించింది. యంత్రానికి మొదట ఏది ముఖ్యమో, ఏది కాదో తెలియదు. మీరు ఎర్ర నొక్కితే దీన్ని దాచాలి అని నేర్చుకుంటుంది. ఆకుపచ్చ నొక్కితే ఇది వదిలేసినా ఫరవాలేదు అని నేర్చుకుంటుంది. తర్వాతి పాటలో ఇంకాస్త వదిలి చూస్తుంది. మళ్ళీ ఆకుపచ్చ పడితే ఇంకాస్త. అలా పోగా పోగా ఇంత చిన్న ఫైలు తయారైంది.

"అయితే ఇప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఎవరి చెవిని బట్టి?"

"మీ చెవిని బట్టే సర్. అచ్చంగా మీదే." ఆమె గర్వంగా నవ్వింది. "మేమందరం ఈ ఫైలుని చెవుల మాస్టారు అనే పిలుస్తాం. మీకు ఎవరూ చెప్పలేదా? వచ్చే నెల ఇంకో ఆరు స్టేషన్లకి పంపిస్తున్నాం."

ఊపిరి, కమాను గరగర, గొంతులోని జీర, ఆయన ప్రేమించినవన్నీ అందులో పదిలంగా ఉన్నాయి. ఆయనకు అందనివన్నీ వదిలించుకుంది. తన చెవుడుకు సరిగ్గా కొలతలు తీసి కుట్టిన చొక్కా అది. రేపటినుంచి ఊరంతా దాన్నే తొడుక్కోవాలి.

గంటలు పోయాయి అని మాత్రం చెప్పారు. ఎందుకు పోయాయో చెప్పలేదు. ఇంజనీరమ్మ తెర మీద చూసి, నిజమే అని పెదవి విరిచి, అంతలోనే తేలిగ్గా తీసుకుంది. ఇదేమంత పెద్ద పని కాదు సర్, గంటలు ఎలా ఉంటాయో యంత్రానికి తెలుసు, ఎక్కడెక్కడ మోగాలో మీకు నోటికొచ్చు కదా, మీరు చెబుతుంటే పెట్టించేద్దాం అంది. ఎవరికీ తేడా తెలియదంది.

ఆ మాట ఆయనను రోజంతా ఊరించింది. ఎంత సులువు. గంటలు తిరిగొస్తాయి, గంటలమ్మ మనవరాలికి వినిపించుకుంటుంది, అల్లుడి నోరు మూతపడుతుంది. తన చెవుల సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు. ఉద్యోగం ఇంకా రెండేళ్ళుంది, పేరు పేరులాగే ఉంటుంది. కాగితం తీసుకుని ఆ పాటకు గంటల చోట్లు రాయడం మొదలుపెట్టారు. పల్లవిలో నాలుగు. మొదటి చరణంలో ఆరు. రెండో చరణం దగ్గర పెన్ను ఆగింది. అక్కడ మోగలేదని ఆయనకు ఇప్పుడు తెలుసు. మరి మిగతా వందల పాటల్లో ఎక్కడెక్కడ దారం తెగిందో, ఎక్కడ దగ్గొచ్చి ఆగిపోయిందో ఎవరికి తెలుసు? ఆయన రాసేవన్నీ ఆమె వాయించినవి కావు, ఆయన కొట్టే గంటలు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. చించేయడానికీ ధైర్యం చాల్లేదు.

శుక్రవారం పదిన్నరకు సెక్షన్ మేడమ్ నాలుగో విడత పత్రం ముందు పెట్టింది. 'పై పాటలన్నిటినీ పూర్తిగా విని సరిచూశాను' అని అచ్చువేసి ఉంది. కింద సంతకం చేయాలి. మాస్టారు ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, దాని కింద తన గుండ్రటి దస్తూరితో రాశారు. నాకు సన్న స్వరాలు వినబడవు. ఎప్పటినుంచో కచ్చితంగా తెలియదు, రెండేళ్ళు కావచ్చు. ఈ ఎనిమిది నెలల్లో నేను నొక్కిన ఆకుపచ్చ ఏదీ నమ్మదగినది కాదు.

మేడమ్ రెండుసార్లు చదివింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"మీ చెవుల గురించి ఎవరడిగారు మాస్టారూ? వినేవాళ్ళు బస్సుల్లో వింటారు, వంట చేసుకుంటూ వింటారు. ఒక్కావిడకి తప్ప ఎవరికీ ఏమీ లోటు అనిపించలేదు. ఇది పైకి వెళ్తే మీకు ఈ కుర్చీ ఉండదు. ఆలోచించుకోండి."

"ఆలోచించలేదు మేడమ్," అన్నారు ఆయన నిజాయితీగా. "ఆలోచిస్తే రాసేవాణ్ణి కాదేమో."

రాసి ఉన్న కాగితాన్ని ఇక దాచలేననుకుందేమో, ఆమె ఫోన్ తీసి చెరిపే పని ఆపమంది. ఆరు స్టేషన్ల సంగతి తర్వాత చూద్దామని కూడా ఎవరితోనో అంది. మాస్టారిని సోమవారం నుంచి ఉత్తరాల విభాగంలో కూర్చోమంది. ఆమె గొంతులో కోపం ఉందో జాలి ఉందో ఆయనకు పట్టుబడలేదు. ఈమధ్య గొంతుల్లో సన్నటివన్నీ తనను తప్పించుకుపోతున్నాయని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

మధ్యాహ్నం గంటలమ్మ వచ్చింది. ఆయన ఆమెకు ఒక జాబితా ఇచ్చారు. నాలుగో విడతలో ఆమె వాయించినవి నలభై ఒకటి ఉన్నాయి. వాటి పాత ఫైళ్ళు ఇక ఎవరూ చెరపరు. దారం తెగిన పాట కూడా అందులోదే. పాత ఫైలు నకలు ఒకటి చేసి పెట్టాను, మనవరాలికి వినిపించండి అన్నారు. ఆమె సంతోషంగా జాబితా మీద వేలుపెట్టి కిందికి చదువుకుంటూ పోయింది. చివరిదాకా వెళ్ళి తలెత్తింది.

"ఇవన్నీ చివరి నాలుగేళ్ళవి. ముందు ఏడేళ్ళవీ?"

మొదటి మూడు విడతల్లోనూ ఆకుపచ్చ నొక్కింది తనేనని ఆయన చెప్పాల్సి వచ్చింది. చెప్పారు. నూట అరవై మూడు పాటలు. కొత్త ఫైళ్ళు తప్ప ఏమీ లేవు.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆయనకు. సంచిని ఒళ్ళోకి తీసుకుని, తాను ఈ స్టేషన్లో మొట్టమొదట వాయించిన పాట ఒకటుందని, అది జోలపాట అని, గాయని ఎత్తుకోకముందు గంటలు మాత్రమే మోగేవని చెప్పింది. పదకొండేళ్ళలో తనొక్కతే వాయించిన చోటు అదొక్కటేనట. అదుందా అని అడిగింది. ఆయన వెతికారు. రెండో విడతలోది. కొత్త ఫైలు పెట్టి, ఆమెకొక హెడ్‌ఫోన్ ఇచ్చి, తానొకటి పెట్టుకున్నారు.

ఆమెకు ఏమీ వినబడటం లేదని ఆమె ముఖమే చెబుతోంది. తెర మీద నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు. మాస్టారికి మాత్రం మొదలైంది. దూరం నుంచి, మెల్లగా, ఒక్కొక్కటే. ఇది ఆ రోజు ఆమె వాయించినదేనా, ఇన్నేళ్ళుగా తన బుర్రలో తయారైనదా, ఏమీ తెలియదు. చెప్పడానికి పాత ఫైలు లేదు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆమె తన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, ముందుకు వంగి ఆయన ముఖంలోకే చూసింది.

"మీకు వినబడుతున్నాయా?"

ఆయన తలూపారు.

"ఎలా మోగుతున్నాయి మాస్టారూ?" అంది ఆమె. "బాగా వాయించానా?"